ఝాన్సీలక్ష్మికి అందని రెండో పేజీ

ఇన్సూరెన్సు ఏజెంటు జగదీశ్వరరావు నోరు విప్పితే నర్సీపట్నంలో పాలసీ కట్టకుండా లేచి వెళ్ళినవాడు లేడు. చావంటే నవ్వేసే కోటవురట్ల ముసలాయన చేత కూడా సంతకం పెట్టించిన నోరది. అంతటి నోట్లోంచి పెళ్ళయినప్పటి నుంచీ "తప్పు నాది" అన్న మాట మాత్రం ఒక్కసారీ రాలేదు. రాలేదు కాబట్టే ఇప్పుడు పెళ్ళాం ఇంట్లో లేదు.

ఝాన్సీలక్ష్మి పాయకరావుపేటలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా, రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. ఇంటిపనీ ఆఫీసుపనీ అయ్యాక కళ్ళు మండేలా చదివి, డిపార్ట్‌మెంటు పరీక్ష పాసై సూపరింటెండెంటు అయింది. ఆ సంతోషంలో ఆఫీసు వాళ్ళందరినీ ఇంటికి భోజనానికి పిలిచింది. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక జగదీశ్వరరావు గారెలు వడ్డిస్తూ, "మనం ఒక మాట వేయబట్టి పనయిందిలెండి, విశాఖపట్నంలో మనకి పెద్దవాళ్ళు తెలుసు" అన్నాడు. విశాఖపట్నంలో అతనికి తెలిసిన పెద్దమనిషల్లా స్కూటరుకి టైర్లు మార్చే ఒకాయన. ఎందుకన్నాడో అతనికే తెలియదు. నలుగురు కనబడితే తన గొప్ప అమ్ముకోకుండా ఉండలేడు, అంతే.

"రేపు మా ఆఫీసుకొచ్చి, అబద్ధమాడానని అందరి ముందూ చెప్పండి" అంది ఝాన్సీలక్ష్మి ఆ సాయంత్రం. జగదీశ్వరరావు నవ్వాడు. మర్నాడు పొద్దున్నే ఆమె బట్టలు సర్దుకుని పాయకరావుపేటలో అక్క బుల్లమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. అతనికి నవ్వు అప్పుడు ఆగింది.

ఫోన్ చేస్తే గొంతు వినగానే పెట్టేసింది. ఉత్తరం రాస్తే విప్పకుండా తిప్పి పంపింది. వండి పెట్టే తల్లి లోవమ్మ కూడా కోడలి పార్టీయే కావడంతో ఇంట్లో చారు రోజురోజుకీ పల్చబడుతోంది.

"బస్సెక్కి ఎళ్ళి ఆ ముక్కేదో నోటితో సెప్పీరాదేట్రా? ఊళ్ళోవోళ్ళ దగ్గరైతే గంటలు గంటలు వాగుతావు గదా!" అంది లోవమ్మ.

"నువ్వూరుకోవే అమ్మా, నీకు తెల్దు" అన్నాడు. నిజానికి ఆవిడకే తెలుసు. అతనికి ఝాన్సీలక్ష్మి లేని ఇంట్లోకి అడుగుపెట్టాలంటేనే దిగులుగా ఉంది. అయినా ఆ రెండు మాటలూ నోటితో చెప్పాలనుకుంటే చాలు, నాలుక పిడచ కట్టుకుపోతోంది.

అప్పుడు తట్టింది ఫ్యాక్స్. ఫోనైతే పెట్టేస్తుంది, ఉత్తరమైతే తిప్పి పంపుతుంది. ఫ్యాక్స్‌ని ఏం చేస్తుంది? దానంతటదే వచ్చి, అచ్చయి, కళ్ళ ముందు పడుతుంది. ఆఫీసులో ఆమె బల్ల పక్కనే ఫ్యాక్స్ మిషనుంది. నర్సీపట్నంలోనూ ఇంటి ఎదురుగా మంగాదేవి ఎస్టీడీ బూతులో ఒకటుంది. కానీ మంగాదేవి తన మిషన్లోకి వెళ్ళే ప్రతి కాగితాన్నీ శ్రద్ధగా చదువుతుంది. చదివాక, వీధిలో చదువు రానివాళ్ళకి చదివి వినిపిస్తుంది. జగదీశ్వరరావు మొగుడూపెళ్ళాల గొడవ మంగాదేవి చేతిలో పెట్టేంత వెర్రివాడు కాదు.

అది రెండు వేల నాలుగో సంవత్సరం. అతనికో ల్యాప్‌టాప్ ఉంది, ప్రీమియం లెక్కలు చూపించి పల్లెటూళ్ళలో జనాన్ని అదరగొట్టడానికి కొన్నది. సెల్‌ఫోనూ ఉంది. ఈ రెంటినీ ఒక కేబులుతో కలిపితే, సెల్లులోని డేటా లైను మీద కంప్యూటరే నంబరు తిప్పి ఫ్యాక్స్ పంపేస్తుందని సెల్లు షాపువాడు చెప్పాడు. మిషనక్కర్లేదు, బూతక్కర్లేదు, మంగాదేవి అసలే అక్కర్లేదు. కేబులు కొనేశాడు.

ఒంటి వేలితో రెండు పేజీలు టైపు చేశాడు. మొదట భయపెట్టాలి, తర్వాత ఊరడించాలి. చావు గురించి చెప్పకుండా పాలసీ గురించి చెప్తే ఎవడు కొంటాడు? ఇరవయ్యేళ్ళుగా అతనికి అన్నం పెడుతున్న పద్ధతి అది, ఇంకో పద్ధతి తెలియదు. అందుకని మొదటి పేజీ నిండా ఝాన్సీలక్ష్మి తప్పులు రాశాడు. మొగుణ్ణి అందరిలో ఉరిమి చూడటం, ఉప్మాలో అల్లం దంచకుండా ముక్కలే వేయడం, బుల్లమ్మ మాటలు వినడం, నిద్రలో దుప్పటంతా లాక్కోవడం. ఆ పేజీ ఇలా ముగిసింది: "ఇంత జరిగాక ఇక నేను నీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే."

ఆ ఒక్కటీ రెండో పేజీలో ఉంది. "ప్రమోషన్ నీ కష్టం. నేనెవరికీ చెప్పలేదు. అబద్ధమాడాను. తప్పు నాది. నువ్వొచ్చెయ్యి." ఇది టైపు చేస్తున్నప్పుడు అతని కళ్ళు చెమర్చాయి.

ఇంట్లో సిగ్నలు ఉండదు కాబట్టి పొద్దున్నే ల్యాప్‌టాప్‌ని మేడెక్కించి, నీళ్ళ ట్యాంకు నీడలో పెట్టాడు. లైను తెగితే దానంతటదే మళ్ళీ మొదటి నుంచి పంపేలా ఒక గడిలో టిక్కు పెట్టాడు. ఎంత తెలివైనదో అని దాన్నోసారి తట్టి, పాలసీ పని మీద మాకవరపాలెం వెళ్ళిపోయాడు. సెల్లు మేడ మీద కంప్యూటరుకి కట్టేసి ఉంది కాబట్టి, ఆ రోజంతా అతన్ని పిలిచి ఆపే దారి ఎవరికీ లేకుండా పోయింది.

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చి మేడెక్కి చూస్తే తెర నిండా ఒకటే వరస. మొదటి పేజీ అందింది, లైను తెగింది. మొదటి పేజీ అందింది, లైను తెగింది. కింద దాకా అదే. రెండో పేజీ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ మేడ మీద సిగ్నలు పేజీ పట్టేంతసేపే నిలబడేది. కంప్యూటరు మాత్రం ఇచ్చిన పని మానకుండా ఉదయం నుంచీ ఝాన్సీలక్ష్మి ఆఫీసులో ఉప్మా గురించీ దుప్పటి గురించీ చాటుతూనే ఉంది.

కేబులు పీకాడు. పీకీ పీకగానే సెల్లు మోగింది.

"బాబూ, నాను సింగన్ననండి, మేడమ్‌గారి ఆఫీసు అటెండర్ని. ఎన్నిసార్లు సేసినా మీ ఫోను కలవనేదండి. ఫ్యాక్సు మిషన్లో కాయితం సుట్టంతా అయిపోనాదండి."

"చదివారా?" అన్నాడు జగదీశ్వరరావు నీరసంగా.

"సదవకేటండి! మొదట మేడమ్‌గారు సింపీసినారండి. మళ్ళీ ఒచ్చినాది. సింపేకొద్దీ ఒచ్చినాది. ఇంతకీ ఆ ఒక్కటీ ఏటండి? ఆఫీసంతా పని మానుకుని అదే మాటండి. ఇడాకులనీసి కేషియరుగారంటన్నారు. మేడమ్‌గారైతే మిగిలిన కాయితమంతా సుట్టబెట్టి సంచీలో ఎట్టుకుని ఎప్పుడో బస్సెక్కీసినారండి."

జగదీశ్వరరావు ట్యాంకు పక్కనే కూలబడ్డాడు. ఆమె ఇక రాదేమో అన్న భయం పోయి, వచ్చి ఏమంటుందో అన్న భయం పట్టుకుంది.

కాసేపటికి కింద లోవమ్మ గొంతు వినబడింది. "ఒచ్చినావా తల్లీ! ఆడు మేడ మీదున్నాడు, ఎల్లి అడుగు."

ఝాన్సీలక్ష్మి మెట్లెక్కి వచ్చింది. సంచీలోంచి ఫ్యాక్స్ కాగితపు చుట్ట తీసి, ఒక కొస పట్టుకుని వదిలింది. అది విప్పుకుంటూ ట్యాంకు దాకా దొర్లింది.

"ఆ ఒక్కటీ ఏంటో చెప్పండి. విడాకులైతే కాగితాలు నేనే తెచ్చుకుంటాను" అంది. గొంతు గట్టిగానే ఉంది గానీ, కళ్ళు బస్సులో ఏడ్చిన కళ్ళు.

"అయ్యో, అది కాదు! రెండో పేజీ ఇందులోనే ఉంది. ఇదిగో, చదువు" అంటూ ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

ఆమె అటు చూడనే లేదు. "నాకు చదువొచ్చండి. మీకు నోరొచ్చా?"

అతను నోరు తెరిచాడు. గాలి వచ్చింది.

"నాకు కాదు. అబద్ధం మా ఆఫీసు వాళ్ళకి చెప్పారు, వాళ్ళకే చెప్పండి. సింగన్నకి చెప్తే చాలు, అందరికీ చేరిపోతుంది" అంది.

నంబరు నొక్కాడు. సింగన్న ఎత్తాడు. "సింగన్నా, ఆ ఒక్కటీ ఏంటంటే..." అని గొణిగాడు.

"ఇనబడ్నేదండి, గట్టిగా సెప్పండి!"

"మేడమ్‌గారి ప్రమోషన్..."

"ఏటండీ?"

జగదీశ్వరరావు కళ్ళు మూసుకుని అరిచాడు. "ప్రమోషన్ ఆవిడ కష్టపడి తెచ్చుకుంది! నాకు విశాఖపట్నంలో ఎవరూ తెలీదు! అబద్ధమాడాను! తప్పు నాది!"

వీధిలో పోతున్న సైకిళ్ళు ఆగాయి. ఎదురుగా బూతులోంచి మంగాదేవి బయటికొచ్చి, నడుం మీద చేతులేసుకుని మేడ వైపు చూసింది. కింద లోవమ్మ, "ఇన్నాళ్ళకి నోరు పెగిలిందిరా నాయనా" అంది.

ఝాన్సీలక్ష్మి అతని చేతిలోంచి సెల్లు తీసుకుని చూసింది. "సిగ్నలు లేదు. ఎప్పుడో తెగిపోయింది. సింగన్నకి ఒక్క ముక్కా వినబడలేదు" అంది.

ఆమె ఇంకేమీ అడగలేదు. సెల్లు తిరిగి ఇచ్చేసి, ట్యాంకు గట్టు మీద కూర్చుంది. జగదీశ్వరరావు వీధిలో జనాన్ని చూశాడు, ఆమెను చూశాడు, తనంతట తనే మళ్ళీ నంబరు నొక్కాడు.