తొలి పొరక

చెంగయ్య చిన్నాయన శవాన్ని సెప్టిక్ ట్యాంకులోంచి బయటికి లాగేసరికి ఉదయం ఆరున్నర అయింది. తాడు ఒక కొస నా చేతిలోనే ఉంది. ఆయన నోట్లో, ముక్కులో ఏం నిండి ఉందో నేను రాయను. ఆయన భార్య పూలమ్మ చిన్నమ్మ దాన్ని తన కొంగుతో తుడిచింది. ఆ తుడవడం వాళ్లిద్దరి మధ్య సంగతి.

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో మా బోడిమిట్ట ఉంది. నా పేరు భీమరావు. పంచాయతీ ఆఫీసులో కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్‌ని. అరుంధతీవాడలో పుట్టి, చేత పొరక పట్టకుండా కుర్చీలో కూర్చున్న మొదటివాణ్ణి. ఆ కుర్చీని చూసుకుని ఎంత విర్రవీగానో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రోజూ పొద్దున ఆరింటికి పారిశుధ్య కార్మికులను వరుసగా నిలబెట్టి, ఫోన్లో ముఖాలు ఫోటో తీసేది నేనే. ఫోటో పడితేనే హాజరు. హాజరు పడకపోతే నువ్వు రోజంతా మురుగులో మునిగి తేలినా పని చేయనట్టే లెక్క.

చిన్నాయన పోయిన ఆ ఆదివారం మాత్రం నేను ఫోటోలు తీయలేదు. ఎందుకో చెప్పాలి.

ఉగాది వెళ్లాక మా ఊళ్లో గంగమ్మ జాతర. మంగళవారం సాయంత్రం మావాళ్లు పలకలు, అంటే డప్పులు, కొట్టి చాటింపు వేస్తేనే జాతర మొదలైనట్టు. దానికి ముందు వచ్చే ఆదివారం, తెల్లవారకముందే, మా వాడ మొత్తం కొత్త పొరకలు పట్టుకుని అమ్మ వీధి ఊడ్వాలి. దీన్ని తొలి పొరక అంటారు. తాతల నాటి హక్కు ఇది. ఏడాదంతా మమ్మల్ని దూరం నిలబెట్టే ఊరు ఆ ఒక్కపూట మా పొరక కోసం కాచుకుని కూర్చుంటుంది. ఆ పనికి హాజరు వేసుకుంటే కళ్లు పోతాయని మా పెద్దలే చెప్పారు. మేమూ నమ్మాం. చదువుకున్న నేను కూడా నమ్మి ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

వేలు చూపిస్తే చెయ్యి మింగేవాళ్లకు ఇది బాగా కలిసొచ్చింది. ఒక ఏడాది వీధితో పాటు కాలువ పూడిక తీయమన్నారు. ఇంకో ఏడాది సంత మైదానం. ఆ పై ఏడాది మరుగుదొడ్లు. అంతా అమ్మ పనే, అంతా హాజరు లేకుండానే. ఈసారి జాతర మైదానం పక్కనున్న మరుగుదొడ్ల ట్యాంకు తోడమన్నారు. దానికి మదనపల్లె నుంచి మిషన్ బండి రావాలి. మనిషిని దించడం నేరమని ఆఫీసు గోడ మీదే పోస్టరు అంటించి ఉంది.

"బండి కోసం కూసుంటే యాడయితాది అబ్బా, జనం వచ్చే టయిమాయె. అమ్మ పని అనుకోని దిగండి" అన్నాడు దొరస్వామి. ఆయన జాతర కమిటీ పెద్ద. మదనపల్లెలో టమోటా మండీ ఉంది. మా పంచాయతీ పారిశుధ్యం కాంట్రాక్టు కూడా ఆయనదే, బామ్మర్ది పేరు మీద.

చెంగయ్య చిన్నాయన చెంబుడు నీళ్లు తాగి, తలకు టవలు చుట్టుకుని దిగాడు. అంతే.

పదింటికి పంచాయతీ కార్యదర్శి సాయిప్రసాద్ సార్ నన్ను పిలిచాడు.

"భీమరావూ, పేపర్లకు నోట్ పంపాల. టైప్ చెయ్యి. జాతర ఏర్పాట్లు పూర్తి అని పెట్టు. కింద, అమ్మవారి సేవలో భక్తుడు మృతి అని పెట్టు."

"సార్, చిన్నాయన పంచాయతీ పనిలో సచ్చిపోయినాడు."

"పనిలో అని రాస్తే దొరసామి జైలుకు పోతాడు, నేను సస్పెండ్ అయితాను. అయినా పనిలో ఉండాడనేదానికి హాజరు యాడుండాది? తీసేది నువ్వే గదా. చూపించు."

టైపు చేశాను. రోషం ఉన్న మనిషైతే కీబోర్డు నేలకేసి కొట్టేవాడు. నేను అక్షర దోషాలు కూడా సరిచూసి పంపాను.

సోమవారం పేపరు జిల్లా పేజీలో వచ్చింది. హార్స్లీ హిల్స్‌లో వేసవి ఏర్పాట్లపై సమీక్ష. నిమ్మనపల్లెలో చలివేంద్రం ప్రారంభం. కుప్పంలో ఉచిత కంటి శిబిరం. వాటి మధ్య నాలుగు పంక్తుల్లో మా చిన్నాయన, భక్తుడై.

మధ్యాహ్నం ఆయన్ను పూడ్చి వచ్చి, వాడంతా కమ్యూనిటీ హాల్లో కూర్చుంది. కుప్పం నుంచి యమునక్క వచ్చింది. పదిహేనేళ్లు వీధులు ఊడ్చి, ఇప్పుడు పారిశుధ్య కార్మికుల యూనియన్ నడుపుతున్న మనిషి. పూలమ్మ చిన్నమ్మ పేపరు నా ఒళ్లో పడేసింది.

"సదవరా."

చదివాను.

"ఎవురు రాసినారు దీన్ని?"

"నేనే చిన్నమ్మా."

చెత్త ఆటో నడిపే నాగేంద్ర లేచి నా చొక్కా పట్టుకున్నాడు. కొట్టి ఉంటే బాగుండేది.

"ఇడువప్పా వాణ్ణి" అంది చిన్నమ్మ. "వాణ్ణి కొడితే రాత మారతాదా? పనిలో సచ్చిపోయినాడని వాళ్ల చేత ఎట్ల రాయించాలో అది సెప్పండి."

"రేపు పలక కొట్టొద్దు" అంది యమునక్క. "చాటింపు లేకుంటే జాతర లేదు. అప్పుడు వాళ్లే మన ఇంటికాడికి వస్తారు."

పలకల పెద్ద అంకయ్య తాత గబుక్కున లేచాడు. డెబ్బై ఏళ్ల మనిషి. "ఏం మాట్లాడతాండావమ్మా? అమ్మకు పలక ఆపేదా? నా తాత ఆపలేదు, నాయన ఆపలేదు. పిల్లాజెల్లా ఉండే వాడ ఇది. అమ్మ ఊరుకోదు."

"పెద్దాయనా, ట్యాంకులోకి దిగమని అమ్మ అడిగిందా, దొరసామి అడిగినాడా?"

"దొరసామి పాపం దొరసామిది. అమ్మ మీద సూపిస్తే ఎట్ల?"

హాలంతా రెండుగా చీలింది. చాటింపు ఆపితే ఉన్న పనులూ పోతాయని కొందరు, ఊరోళ్లు రాళ్లు వేస్తారని కొందరు. ఇప్పుడు కాకుంటే ఇంకెప్పుడని ఆడవాళ్లు. గంటసేపు ఎవరి మాట ఎవరికీ వినబడలేదు.

చిన్నమ్మ గొంతు పెంచకుండా అంకయ్య తాత వైపు తిరిగింది. "మామా, ఒగ మాట ఇను. తొలి పొరక మాదని మురిసిపోయింది మనమే. హాజరు ఒద్దనింది మనమే. ఆ మాటను పట్టుకునే గదా ఆయప్పను గుంతలోకి దించినారు. మల్లా ఏడాదికి ఎవుర్ని దించేది? నాగేంద్రనా? అమ్మ పనంటే నువ్వు పంపిస్తావా?"

అంకయ్య తాత నిలబడినవాడు నిలబడినట్టే ఏడ్చాడు. అంత ముసలి మనిషి అలా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. చాలాసేపటికి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అమ్మ కోపమొస్తే నా మీదికే రానీ. రేపు నా సేతులు ల్యావవు" అన్నాడు.

మంగళవారం పొద్దు వాలే వేళకు గుడి ముందు ఇసకేస్తే రాలనంత జనం. మావాళ్లు పన్నెండు పలకలతో వచ్చి వరుసగా నిలబడ్డారు. వాటి వెనక ఆడవాళ్లు. పలకలు కాచుకోవడానికి కసువు మంట వేస్తారు కదా, ఆ మంట ఎవరూ వేయలేదు.

"ఏం అంకయ్యా, పొద్దుపోతాండాది. కానీ" అన్నాడు దొరస్వామి.

"చెంగయ్య మీ పనిలో సచ్చిపోయినాడని రాయించు సామీ. కొడతాం."

"సావుకూ చాటింపుకూ ఏం సంబంధం రా?"

"అమ్మ పనని దించింది మీరే గదా సామీ. సంబంధం మీరే పెట్టినారు."

జనంలో గొడవ లేచింది. వానలు పోతాయని ఒకరు, కలరా వస్తుందని ఒకరు మమ్మల్ని తిట్టారు. దొరస్వామి నవ్వాడు. ఆయనకు ముందే అనుమానం ఉన్నట్టుంది, పుంగనూరు నుంచి రెండు ఆటోల్లో వేరే పలకలవాళ్లను పిలిపించి పెట్టుకున్నాడు. వాళ్లు దిగారు. వాళ్లూ మా మనుషులే. వాళ్ల పెద్ద, మా ఆడవాళ్లు దారికి అడ్డంగా కూర్చోవడం చూసి ఆగాడు.

"ఏమ్మా, ఏమైంది ఈడ?"

"నా మొగుడు పీతిగుంతలో పడి సచ్చిపోయినాడు నాయనా. పని కాదు, భక్తి అంటాండారు" అంది పూలమ్మ చిన్నమ్మ.

ఆయన దొరస్వామి వైపు ఒకసారి చూశాడు. మెడలోంచి పలక తీసి నేల మీద బోర్లించాడు. "సావింటికి పలక కొట్టేదానికి వస్తాం సామీ. సావును కప్పిపెట్టేదానికి రాము." వెనకనున్న ఐదుగురూ పలకలు దించారు.

దొరస్వామి ముఖంలో నవ్వు పోయింది. జాతర బందోబస్తుకు వచ్చిన పోలీసు అధికారి చెవిలో ఏదో చెప్పాడు. మొదటి లాఠీ అంకయ్య తాత కుడిచేతి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. అప్పటిదాకా నేను గుడి ఎదుటి ఆఫీసు అరుగు మీద, సాయిప్రసాద్ సార్ పక్కన నిలబడి ఉన్నాను. "భీమరావూ, నువ్వు పోవాకు" అన్నాడాయన. దిగి వెళ్లి చిన్నమ్మ పక్కన కూర్చున్నాను. కొట్టారు, ఈడ్చారు, వ్యాను ఎక్కించారు. బోడిమిట్టలో ఆ సాయంత్రం చాటింపు పడలేదు.

స్టేషన్లో మేం ఇరవై ముగ్గురం. హెడ్ కానిస్టేబుల్ ఒక్కొక్కరి వాంగ్మూలం రాసుకోవడం మొదలుపెట్టాడు. ముందు అంకయ్య తాతను కూర్చోబెట్టాడు. విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తాత చెప్పాడు.

"అంకయ్య. పంచాయతీ పని. చెంగయ్య పంచాయతీ పనిలో సచ్చిపోయినాడు, దాన్ని అడిగినందుకు పట్టుకొచ్చినారు."

తర్వాత నాగేంద్ర. అదే మాట. తర్వాత ముగ్గురు ఆడవాళ్లు. అదే మాట. ఆరో ఆమె దగ్గర కలం ఆగింది.

"అందరూ ఒకటే చెప్తే ఎట్లమ్మా?"

"అందురం సూసినాం గదా సార్. రాయి" అంది ఆమె.

రాశాడు. నా వంతు వచ్చింది. పేరు చెప్పాను. పంచాయతీ పని అన్నాను. ఆదివారం హాజరు తీయంది నేనే, భక్తుడని అబద్ధం టైపు చేసింది నేనే, అది కూడా రాసుకోండి సార్ అన్నాను. ఈ ఉద్యోగం ఇక లేదని తెలుసు.

బయట గేటు దగ్గర జనం పెరుగుతున్నారు. యమునక్క కిటికీ దగ్గరికి వచ్చి చెప్పింది: నిమ్మనపల్లె వాళ్లు ఆటోల్లో వచ్చారట, పుంగనూరు పలకలవాళ్లు వెనక్కి పోలేదట, కుప్పం దాకా మావాళ్లెవరూ రేపు పొరక పట్టరట.

పూలమ్మ చిన్నమ్మది ఆఖరి వాంగ్మూలం. మొగుడి పేరు దగ్గర చెంగయ్య అని చెప్పి, ఆయన ఎట్లా పోయాడో చెప్పి, వేలిముద్ర వేయమని కాగితం ముందుకు జరిపితే వేయలేదు.

"ఏం రాసినారో సదవండి సార్."

హెడ్ కానిస్టేబుల్ అటూ ఇటూ చూసి చదివాడు. "నా భర్త చెంగయ్య పంచాయతీ పని చేస్తూ చనిపోయినాడు."

శవాన్ని తుడిచినప్పుడు గానీ, పూడ్చినప్పుడు గానీ, లాఠీ తగిలినప్పుడు గానీ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే వేలు సిరాలో ముంచింది.

"ఇంగోసారి సదవండి సార్, బయటోళ్లకు కూడా ఇనపడేట్టు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. రెండోసారి చదవడం మొదలుపెట్టగానే నేల మీద కూర్చున్న మేమందరం లేచి నిలబడ్డాం.