రోజుకొక్క కాజా

నేను కుట్టేవి కోట్లు. నన్ను కుట్టేవాడు నా తోడల్లుడు. ఇద్దరిదీ ఒకే దర్జీ దుకాణం. నాది ఇరవై రెండేళ్ళ అనుభవం, అతనిది రెండేళ్ళ ఆరాటం.

మా కటింగ్ మాస్టరు ఈ నెలాఖరుకి పని మానేస్తున్నాడు. కిటికీ పక్కన ఆయన పొడవాటి బల్ల, పెద్ద కత్తెర ఎవరికి దక్కుతాయో యజమాని ఇంకా చెప్పలేదు. నాకేనని నేను మాత్రం ఎప్పుడో నిర్ణయించేసుకున్నాను.

తోడల్లుడు రోజూ అందరికంటే పది నిమిషాలు ముందొస్తాడు. పొడవాటి గుడ్డపీలిక మీద ఒకే ఒక్క కాజా చేత్తో కుట్టి, పక్కన పెన్సిలుతో తేదీ వేసి, పీలిక చుట్టి సొరుగులో పడేస్తాడు. గుండీ లేని కాజా, గిరాకీ లేని కుట్టు!

ఇంట్లో మా ఆవిడ అందుకుంది. "మా చెల్లెలి మొగుణ్ణి చూడండి. మీరూ పది నిమిషాలు ముందెళ్తే అరిగిపోతారా?"

"కాజాలు కుట్టీ కుట్టీ కళ్ళజోడు తెచ్చుకున్నవాణ్ణే నేను!"

"ఆ కళ్ళ జోడూ మరిదిగారి మీదే పెట్టారుగా!"

కడుపు మండి, నెల అలవాటు ఒక్కపూటలో ముగించేద్దామని ఏకబిగిన ముప్పై కాజాలు కుట్టాను. ముప్పయ్యోది మొదటిదానికంటే ఘోరం. వేలు వాచింది. వాపు తగ్గింది కానీ కుళ్ళు తగ్గలేదు.

మర్నాడు అతను టీకి వెళ్ళగానే సొరుగు లాగాను. చుట్ట పైనున్న కాజాలు చూడబుద్ధి కాలేదు, బాగున్నాయి. గబగబా లోపలి కొసదాకా విప్పాను. ఆహా! మొదటి కాజా ఆవులిస్తోంది. రెండోదానికి కన్ను వాచింది. మూడోది పీచుపీచు. పరుగున యజమాని దగ్గరికెళ్ళి ఆ కొసే చేతికిచ్చాను.

"చూడండి సార్, చెయ్యి తిరిగినవాడని మీరనుకుంటున్నారు. ఈ కాజాకి మూతి తిరిగింది!"

యజమాని నవ్వాడు. కొస పట్టుకుని లాగాడు. ఇంకా లాగాడు. నవ్వు ఆగింది. వందోదాని దగ్గర అంచు నిటారుగా నిలబడింది. మూడువందలు దాటాక నా కళ్ళజోడుకి కూడా కుట్టు కనబడలేదు.

"ఇదంతా అతనొక్కడే కుట్టాడా?"

"అవును సార్," అన్నాను. నా నోటికి కాజా ఉంది, గుండీయే లేదు.

ఆ సాయంత్రమే యజమాని అందరి ముందూ పెద్ద కత్తెర తోడల్లుడి చేతిలో పెట్టాడు. అతను తిన్నగా నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఆ వంకర కాజాలకి సిగ్గుపడి చచ్చినా చూపించేవాణ్ణి కాదు. నువ్వే తీసుకెళ్ళి సార్‌కి చూపించావట! సొంత అన్న కూడా ఇంత చెయ్యడు."

దుకాణమంతా నాకేసి తిరిగి చప్పట్లు కొట్టింది. కాదనాలంటే నిజం చెప్పాలి.

"ఏదో, నా వంతు..." అన్నాను.

మిషను ముందు కూర్చుని ఒకే కోటుకి రెండు ఎడమచేతులు కుట్టాను.