తొరిమెను పిలిచినందుకు

అత్త చేసిన నేరమల్లా తవ్వే ముందు గడ్డను పేరు పెట్టి పిలవడమే. "తొరిమమ్మా, వస్తున్నా, కాస్త పక్కకు జరుగు" అననిదే ఆ కొండ మీద ఎవరూ గునపం దించరు. పిలుపు విని పొద వెనక నుంచి ఫారెస్టు గార్డు లేచాడు. జేబులోంచి కాగితం తీశాడు. తవ్వకూడని మొక్కల జాబితాలో తొరిమె రెండోది.

"నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావుగా, ముసలమ్మా" అన్నాడు.

బాలింతలకు ఆ గడ్డ అరగదీసి పోసి ఎందరినో బతికించిన మనిషిని దొంగని చేసి జీపెక్కించాడు.

కోడలు కళ్లారా చూసింది. తప్పు తనదే అనిపించింది. పరదేశపు డాక్టరును ఇంటికి తీసుకొచ్చింది తనే మరి. కొండ కింద ఆయన నడిపే పరిశోధన కేంద్రంలో గడ్డలు కడిగే పని ఆమెది. అత్త చెప్పిందల్లా ఆయన రాసుకున్నాడు, పుస్తకం వేశాడు. అందులో తొరిమె పేరు అలాగే ఉంది. కనిపెట్టింది మాత్రం ఆయనట! అత్త ఫొటో కూడా ఉంది, గడ్డ పట్టుకున్న చెయ్యి, మణికట్టు దాకానే. పుస్తకం వచ్చిన ఏడాదికే, ఇక తవ్వకూడదని కొండకు కంచె పడింది.

కోడలు తిన్నగా డాక్టరు గదికి వెళ్లింది. "ఈ మందు చెప్పింది మా అత్తేనని స్టేషన్లో ఒక్క మాట చెప్పండి."

"చట్టం సంగతి నాకు తెలీదమ్మా. పుస్తకం చివర మీవాళ్లకు కృతజ్ఞతలు చెప్పానుగా."

"ఏ పేరుతో చెప్పారు?"

"స్థానికులు అని."

"గడ్డకు పేరుంది. మా అత్తకు లేదా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

సాయంత్రం గడ్డలు ఎండబెట్టే షెడ్డులో ఊళ్లోవాళ్లందరూ చేరారు. అత్త దొంగతనం ఒప్పుకుని వేలిముద్ర వేస్తే వదిలేస్తామని స్టేషన్ నుంచి కబురొచ్చింది.

"వేయించి తెచ్చుకుందాం. పొట్టేలు కొండను ఢీకొంటే ఏమవుతుంది?" అన్నాడు ఊరి పెద్దాయన.

"ఆ కొండ మనదే కదయ్యా" అంది మంత్రసాని.

"ఇదంతా ఈ పిల్ల వల్లే" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"అవును, నా వల్లే" అంది కోడలు. "కడుపునిండా తిట్టండి. తిట్టడం అయ్యాక చెప్పండి, రేపు నాతో ఎవరెవరు తవ్వడానికొస్తారో. ఆమె దొంగైతే మనమంతా దొంగలమే."

చాలాసేపు వాదించుకున్నారు. పెద్దాయన లేచి, మూలనున్న గునపం తీసి మొన చూసుకున్నాడు. వేలిముద్ర మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తెల్లవారి నలభై మంది కంచె తీగలు తెంచుకుని కొండెక్కారు. గార్డు ఎదురొచ్చాడు. కోడలు గొంతు ముందు లేచింది, వెనక మిగతా గొంతులన్నీ లేచాయి.

"తొరిమమ్మా, వస్తున్నాం, కాస్త పక్కకు జరుగు!"

గునపాలు దిగాయి. గార్డు కాగితం, పెన్ను తీశాడు. "పేర్లు చెప్పండి, ఒక్కొక్కరూ."

"స్థానికులు" అంది కోడలు. "రాసుకో."

"నేనూ అదే" అంది మంత్రసాని. "పుస్తకంలో ఉన్నాం, చూసుకో."

జీపులో ఎనిమిది మందికే చోటుంది. కోడలే మొదట ఎక్కి కూర్చుంది, స్టేషన్లో ఉన్న అత్త దగ్గరికి పోవడానికి. మిగతావాళ్లు తవ్వుతూనే ఉన్నారు.