ఒకే ఇంట్లో రెండు బిడ్లు

లండన్ నుంచి హెలెన్ ఫోన్ చేసినప్పుడు స్నిగ్ధ తన సీట్లోనే ఉంది.

"మన బిడ్ అంకె బయటికి పోయింది," అంది హెలెన్. "అవతలివాళ్ళు ఇక్కడి బ్యాంకుకు చెప్పిన మొత్తం మనదానికి సరిగ్గా కాస్త పైన ఉంది. మనం మార్చగానే వాళ్ళూ మార్చారు. ఇది యాదృచ్ఛికమంటే నేను నమ్మను."

అది 2007. దుబాయ్‌లో షేక్ జాయెద్ రోడ్డు మీద ఒక పెట్టుబడి సంస్థలో స్నిగ్ధ ఉద్యోగం. బ్రిటన్‌లో ప్యాసింజర్ రైళ్ళు నడిపే హక్కును ప్రభుత్వం కొన్నేళ్ళకోసారి ప్రైవేటు కంపెనీల మధ్య పోటీ పెట్టి ఇస్తుంది. పట్టాలు ఒకరివి, పెట్టెలు అద్దెకిచ్చేది ఇంకొకరు. గెలిచినవాళ్ళకు దక్కేది నడిపే హక్కు, టికెట్ల రాబడి. అందులోంచి ప్రభుత్వానికి ఎవరు ఎక్కువ ఇస్తామంటే వాళ్ళ వైపే మొగ్గు. లండన్ నుంచి ఉత్తరానికి పోయే ఒక లైను కోసం స్నిగ్ధ సంస్థ హెలెన్ కంపెనీతో కలిసి బిడ్ వేస్తోంది. ప్రయాణికులు ఎంత పెరుగుతారో, ఎంత ఇవ్వగలమో లెక్కగట్టేది స్నిగ్ధే.

ఆమె డైరెక్టర్ రామచంద్రరావు తలుపు మూసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మాయ్, సూటిగా అడుగుతున్నాను. ఇంట్లో ఏమన్నా మాట వచ్చిందా?"

స్నిగ్ధ భర్త కౌశిక్ పనిచేసేది ఆ అవతలి కంపెనీలోనే. ఆ సంగతి మొదటిరోజే ఇద్దరూ తమ ఆఫీసుల్లో చెప్పేశారు. ఇంట్లో రైళ్ళ ఊసెత్తకూడదని నియమం పెట్టుకున్నారు. భోజనాల దగ్గర మాటలు తగ్గిపోయాయి. ఫోన్ వస్తే ఒకరు బాల్కనీలోకి, ఇంకొకరు వంటింట్లోకి.

"లేదండీ. ఒక్క ముక్క కూడా రాలేదు."

"నేను నమ్ముతాను. చైర్మన్ నమ్మాలి కదా. తేలేదాకా నువ్వు ఫైళ్ళు ముట్టుకోకు."

కరామాలో ఫ్లాట్‌కు చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. కౌశిక్ అప్పటికే వచ్చి ఉన్నాడు. చెప్పులు విడవకుండానే అడిగింది.

"మొన్న శుక్రవారం నేను కిందికి పాలకెళ్ళాను. లాప్‌టాప్ బల్లమీదే తెరిచి ఉంది. చూశావా?"

కౌశిక్‌కు అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"ఏమంటున్నవ్ స్నిగ్ధా? దొంగననుకుంటున్నవా నన్ను?"

"చూశావా లేదా చెప్పు."

"చూడలే. మా ముదీర్ రోజూ నన్ను ఇదే అడుగుతున్నడు, నీ భార్యకు ఏం చెప్తున్నవని. బాస్ ముందు నీ తరఫున కొట్లాడి వస్తున్న. ఇంటికొస్తే నువ్వు నన్ను నిలబెట్టి అడుగుతున్నవ్."

"నా ఉద్యోగం పోయేలా ఉంది, కౌశిక్!"

"పోతే పోనీ. ఈ మాట మాత్రం నువ్వు అనకుండ ఉండాల్సింది."

అతను తలుపు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తాను అడిగింది తప్పో ఒప్పో స్నిగ్ధకు తేలలేదు. అతను నిజం చెప్తున్నాడని మాత్రం తెలిసిపోయింది. మరైతే ఎవరు? అంకె తెలిసినవాళ్ళు తాను కాక ముగ్గురే: రామచంద్రరావు, హెలెన్, చైర్మన్.

మర్నాడు ఆమె ఎవరికీ చెప్పకుండా చైర్మన్ ఉండే పై అంతస్తుకు వెళ్ళింది. తన మాట తానే చెప్పుకోవాలనుకుంది. సెక్రటరీ సీట్లో లేదు. గది తలుపు తెరిచే ఉంది. లోపల చైర్మన్ పక్కన సోఫాలో ఒకాయన సులేమానీ టీ తాగుతున్నాడు. ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది. కౌశిక్ ఆఫీసు పిక్నిక్‌లో కలిసింది. హైదరాబాదీ ఖాదర్ హుస్సేన్, కౌశిక్ వాళ్ళ ముదీర్.

ఆయనా గుర్తుపట్టి నవ్వాడు. చైర్మన్‌కు తెలియని తెలుగులో పలకరించాడు. "అరే, మన కౌశిక్ ఇంటామె! రా బేటీ, కూసో. ఇంకెందుకు పరేషాన్? మా కంపెనీల సగం వాటా మీ చైర్మన్ సాబ్ కొనేసిండు కదా. ఏ బండి గెలిచినా మాలిక్ ఒక్కడే. ఇగ అంతా ఒకే ఇల్లు."

స్నిగ్ధ చైర్మన్ వైపు చూసింది. ఆయనకు మాటలు అర్థం కాలేదు, ఆమె ముఖం అర్థమైంది. టీ గ్లాసు బల్లమీద పెట్టి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆమె కిందికి దిగేసరికే రామచంద్రరావుకు కబురు అందింది.

"మీకు ముందే తెలుసా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ వారమే తెలిసింది. మన బిడ్‌లో చైర్మన్ వాటా పావు, అక్కడ సగం. అక్కడ గెలిస్తేనే ఆయనకు లాభం, అందుకే మన అంకె ఆయనే అటు చేర్చాడు. పోటీ కనపడాలి కాబట్టి మనమూ ఉండాలి. మధ్యాహ్నం హెలెన్ మాట్లాడుతుంది. ఎక్కడో నోరు జారానని చెప్పు. ఎవరి దగ్గరో గుర్తులేదని చెప్పు. అంతే, ఖలాస్. అంకె మళ్ళీ మారుస్తాం. నిన్ను అబుదాబి ఆఫీసుకు పంపుతాం, పెద్ద హోదాతో."

"చెప్పకపోతే?"

"నీ వీసా కంపెనీది, మర్చిపోకు." ఆయన గొంతు తగ్గించాడు. "మీ ఆయన జీతం కూడా ఇప్పుడు చైర్మన్ చేతిలోదే."

స్నిగ్ధ మెట్ల దగ్గరికి వెళ్ళి కౌశిక్‌కు ఫోన్ చేసింది. నిన్నటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఉన్నదంతా చెప్పింది.

"నువ్వు నిజం చెప్తే నా ఉద్యోగం కూడ పోతది," అన్నాడు కౌశిక్.

"అందుకే అడుగుతున్నాను."

"నిన్న అనుమానించి అడిగినవ్. ఇయ్యాల నమ్మి అడుగుతున్నవ్. నిజమే చెప్పు. చేయని తప్పు నెత్తిన వేసుకుని అబుదాబి పోతే రేపు నా మొఖం ఎట్ల చూస్తవ్?"

మధ్యాహ్నం స్పీకర్ ఫోన్‌లో హెలెన్ గొంతు వినిపించింది. రామచంద్రరావు స్నిగ్ధ వైపు చూసి తల ఊపాడు.

"అంకె నా దగ్గర నుంచి పోలేదు," అంది స్నిగ్ధ. "మా చైర్మన్‌కు అవతలి కంపెనీలో సగం వాటా ఉంది. వాళ్ళ మేనేజర్‌ను ఈ ఉదయం ఆయన గదిలో చూశాను. వాటా మాట నాతో చెప్పింది ఆ మేనేజరే."

రామచంద్రరావు చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. నొక్కలేదు.

"రామచంద్రరావ్, ఇది నిజమేనా?" హెలెన్ అడిగింది.

ఆయన స్నిగ్ధను చూశాడు. తలవంచుకుని, "నిజమే," అన్నాడు.

హెలెన్ కంపెనీ ఆ సాయంత్రమే దుబాయ్ సంస్థతో తెగదెంపులు చేసుకుంది. వాటా సంగతి లండన్‌లో అధికారులకు తెలియజేసింది. వాళ్ళు ప్రశ్నలు మొదలుపెట్టగానే అవతలివాళ్ళు తమ బిడ్ వెనక్కి తీసుకున్నారు. పెట్టుబడి లేక హెలెన్ వాళ్ళ బిడ్ కూడా నిలవలేదు; లైను మూడో కంపెనీకి పోయింది. రామచంద్రరావు రాజీనామా ఇచ్చాడో, తీసుకున్నారో ఎవరూ చెప్పలేదు. స్నిగ్ధ వీసా రద్దయింది. కౌశిక్‌ను పిలిచి, రేపటి నుంచి రానక్కర్లేదన్నారు.

కరామా ఫ్లాట్‌లో సామాన్లు సర్దుతున్నప్పుడు ఇద్దరి మధ్యా పొడి మాటలే నడిచాయి. దుప్పట్లు మడుస్తూ స్నిగ్ధ ఆగిపోయింది.

"ఆ రోజు నిన్ను అలా అడగాల్సింది కాదు."

కౌశిక్ పెట్టె మీద కూర్చుని జిప్పు లాగుతున్నాడు. "నేను కూడ అనుకున్న, నువ్వే మా లెక్క చూసినవేమోనని. అడగలే, అంతే తేడా."

ఆమె అతనివంక చూసింది. కోపం రావాలి, రాలేదు. వచ్చి పెట్టె మీద అతని పక్కన కూర్చుంది. ఇద్దరి బరువుకు జిప్పు పట్టింది.

"హెలెన్ ఫోన్ చేసింది. లెక్కలు కట్టే మనిషి కావాలట," అంది.

"ఏం చెప్పినవ్?"

"ఇంట్లో అడిగి చెప్తానన్నాను."