నాన్న సమాధి మీది ఇసుక

లియెమ్‌కి ఊళ్లో మర్యాదంతా ఆ ఇసుకగుట్ట వల్లే వచ్చింది. మెకాంగ్ పాయ ఒడ్డున కొత్త ఆసుపత్రి కట్టబోయే చోట నేలంటే నేల కాదు, నానిన గంజన్నం. అందుకే బురదలోకి నిలువునా నీళ్లు లాగే పట్టీలు దించి, పైన మనిషెత్తున ఇసుక పోశారు. ఆ బరువుకి నీళ్లు పైకి ఊరిపోవాలి, నేల కుంగి కుంగి గట్టిపడాలి. ఇసుకలోంచి పైకి కనిపించే ఇనప కడ్డీలు ఎంత దిగాయో పట్నంలోని ఇంజనీరమ్మ దియెప్‌కి ఫోన్‌లో చెప్పడం, గుట్టకి కాపలా కాయడం లియెమ్ పని.

కొత్త సంవత్సరపు టెట్ పండగ దగ్గరపడింది. పెద్దల సమాధులకి కొత్త మట్టి పోసే రోజులు. ఊళ్లో అందరి సమాధులూ ఎత్తయ్యాయి. లియెమ్ తండ్రిది మాత్రం పోటు వస్తే చాలు, మునిగిపోతోంది.

"ఊరి నేలంతా గట్టిచేసే మొనగాడివి! మీ నాన్న పడక తడిసిపోతోందేం మరిదీ?" అంది పక్కింటావిడ, ఆ ఇంటి ఏడో కొడుకు పెళ్లాం కాబట్టి అందరికీ ఏడో వదిన, పదిమందిలో.

లియెమ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే గుట్ట తూర్పు మూల నుంచి పడవెడు ఇసుక తీసి నాన్న సమాధికి పోశాడు. అంత గుట్టలో పడవెడు ఏపాటి అనుకున్నాడు, వెర్రిబాగులవాడు! కాపలావాడే తీశాక ఊరు ఊరుకుంటుందా? తమ పెద్దల సమాధులకి ఇంకాస్త పోసుకోవడానికి మర్నాడు బుట్టలతో దిగింది. వద్దనడానికి అతనికి ఏ మొహం ఉంది? తిలా పాపం తలా పిడికెడు. తూర్పు మూల మోకాలెత్తు మిగిలింది.

కొన్నాళ్లకి ఆ మూల కడ్డీ దిగడం ఆగిపోయింది. కడ్డీ సంగతి మాత్రం ఉన్నదున్నట్టు ఫోన్‌లో చెప్పాడు.

"ఆగిందా! అయితే గట్టిపడ్డట్టే బాబాయ్!" అని దియెప్ గంతేసినంత పని చేసింది. "కాన్పుల గది అక్కడే కదా. పండగ కాగానే ఇసుక తీయించెయ్, గోడలు లేపుదాం."

"ఊఁ," అన్నాడు లియెమ్.

నేల గట్టిపడి కాదు, బరువు పోయి ఆగింది. అది అతనికి తెలుసు. రేపు గోడ బీటలిస్తే దాని కింద పడుకునేది ఈ ఊరి ఆడపిల్లలే. అతనికి అన్నం సయించలేదు.

పండగ ముందు రోజు ఊరంతా సమాధుల దగ్గరే ఉంది. లియెమ్ పార పట్టుకొచ్చి తండ్రి సమాధి మీది ఇసుక తోడడం మొదలెట్టాడు.

"ఒరేయ్, మతిపోయిందా?" అగరొత్తులు వదిలేసి తల్లి పరుగెత్తుకొచ్చింది.

అతను తల ఎత్తలేదు. అందరూ వినేలా ఫోన్ చేశాడు. "దియెప్ తల్లీ, ఆ మూల గట్టిపడలేదు. ఇసుక పోయింది. మొదట తీసింది నేనే."

"తిరిగి పోయించు బాబాయ్," అంది దియెప్. "మళ్లీ మొదటినుంచి చూడాలి. కాపలాకి ఇంకొకరిని పంపుతాను."

ఏడో వదిన కళ్లు దించుకుని, తన మామగారి సమాధి మీది ఇసుక చేత్తో తీయసాగింది. ఎవరూ ఎవరినీ చూడలేదు.

మధ్యాహ్నం పోటు వచ్చింది. నాన్న సమాధి అందరి కళ్లముందే మెల్లగా మునిగింది. లియెమ్ బావురుమన్నాడు. "అమ్మా, నాన్నని మళ్లీ తడిపేశానే!"

తల్లి ఖాళీ బుట్ట అతని చేతికిచ్చింది.

"చేపలు పట్టుకు బతికినవాడు. ఆయనకి తడి అలవాటేరా. దొంగ ఇసుక కప్పుకునే సిగ్గే అలవాటు లేదు."