శుక్రవారం సీసా

ఐనార్ గడప దాటగానే అతని మొహంలో మొహం పెట్టి, "ఊదు" అంటుంది మార్లిస్. ముప్పయ్యేళ్లు కాపురం చేసిన మొగుడు బడిపిల్లాడిలా నోరు తెరిచి ఊదుతాడు. అమెరికా ఉత్తరాన సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్లో ఆ చలికాలమంతా వాళ్ల పలకరింపు అదే.

తాగి తాగి లివరు పాడుచేసుకున్నాడు. మానేసి పద్నాలుగు నెలలైందంటాడు. కొత్త లివరు కోసం జాబితాలో పేరుంది. కానీ క్లినిక్‌వాళ్ల మూత్ర పరీక్షలో రెండుసార్లు మద్యం కనిపించింది. మూడోసారీ కనిపిస్తే పేరు కొట్టేస్తారు. పేరు పోతే మనిషీ దక్కడు.

మార్లిస్ గ్యారేజీలో పెయింటు డబ్బాలు వాసన చూసింది. గడ్డకట్టిన సరస్సు మీద ఐనార్ చేపలు పట్టే గుడిసెలో మంచు తవ్వి మరీ వెతికింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది.

శుక్రవారం మందుల షాపులో, మూత్రంలో మద్యం ఉంటే పచ్చబడే పరీక్ష పట్టీలు కొనుక్కొచ్చి, ఖాళీ జామ్ సీసా అతని చేతికిచ్చింది.

"ఇందులో పొయ్యి. తలుపు వెయ్యకు."

"టార్చిలైటు కూడా పట్టుకుంటావా?"

పట్టీ రంగు మారలేదు. అయినా నమ్మలేదామె. పట్టీలే పాడైపోయి ఉంటాయనుకుని, సీసాకి మూతపెట్టి హీటరు మీది అరలో దాచింది.

ఆదివారం కొత్త పెట్టె తెచ్చి, అదే సీసాలో పట్టీ ముంచింది. ముదురు ఆకుపచ్చ!

"దొరికావు, దొంగ వెధవా!"

ఐనార్ పాత పెట్టెలోంచి ఒక పట్టీ తీసి ముంచాడు. అదీ పచ్చబడింది.

"ఇవే కదా శుక్రవారం ఏమీ లేదన్నాయి! ఈ రెండ్రోజులూ తాగింది నేనా మహాతల్లీ, నీ సీసానా?"

మార్లిస్ సీసా వాసన చూస్తే పులిసిన రొట్టెపిండి వాసన.

సోమవారం క్లినిక్‌లో నర్సు వెర్నాకి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"ఆయన వేసుకునే షుగరు మాత్ర చక్కెరని మూత్రంలోకి తోసేస్తుందమ్మా," అంది వెర్నా. "దానికి పిండిని పులియబెట్టే ఈస్టు తోడైతే వెచ్చటి చోట సీసాలోనే సారా తయారవుతుంది. మా శాంపిళ్లూ శుక్రవారం నుంచి సోమవారం ల్యాబు వ్యాను వచ్చేదాకా ఫ్రిజ్‌లో పెట్టకుండా బల్ల మీదే ఉంటున్నాయి. నిజంగా తాగితే ఒళ్లు మూత్రంలో ఇంకో గుర్తు వదులుతుంది, సీసాలో పులిస్తే అది రాదు. పాత శాంపిళ్లలో అది వెతికిస్తా."

గురువారం ఫోన్ వచ్చింది. రెండింటిలోనూ ఆ గుర్తు లేదు. పేరు జాబితాలోనే ఉంటుంది.

సాయంత్రం ఐనార్ చేపల బకెట్టుతో లోపలికొచ్చాడు. సిగ్గూ సంతోషమూ కలిసి ఏడుపొస్తుంటే, మార్లిస్ చేతులు చాచి ఎదురెళ్లింది.

ఐనార్ బకెట్టు కింద పెట్టి, నోరు తెరిచి ఊదాడు.