పట్టకారు చేతిలో నా మాట

"మెలకువలో చేస్తాను వదినా," అంది డాక్టరు.

మా ఆవిడకి "మెళకువతో" అని వినబడింది. "నీ చేతి పనితనం మాకు తెలీదా తల్లీ!" అని సంబరపడిపోయింది. పుర్రె తెరిచాక నన్ను నిద్ర లేపి, మాట్లాడిస్తూ కణితి తీస్తారని తెలిశాక కుర్చీలో కూలబడింది.

"అయ్యో, ఈయన లేస్తే ఊరుకోరు! అక్కడా జోకులేస్తారు!"

వెయ్యకేం చేస్తాను? నోటితో బతికేవాణ్ణి. కణితి చూస్తే మెదడులో మాటలుండే గది పక్కనే కాపురం పెట్టింది. మాట పోతే నేను మిగిలీ ఏం లాభం!

ఈ డాక్టరమ్మ చిన్నప్పుడు మా పక్కింటి గడియారాల మేస్త్రీ కూతురు. పదేళ్ళకే వాళ్ళ నాన్న బల్ల దగ్గర ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో ఎత్తేది. పట్టిందంటే వదలదని "పట్టకారు" అని పేరు పెట్టింది నేనే. కొట్టంతా చమురు వాసన. గోడ నిండా గడియారాలు, ఒక్కోదానిదీ ఒక్కో టైము. మాకెప్పుడూ ఆటల టైమే. ఆ పిల్లే పద్నాలుగేళ్ళు వైద్యం చదివి, ఇరవయ్యేళ్ళుగా తలలు విప్పుతోంది. మాట చెడకుండా కణితి తియ్యడం ఆమె ప్రత్యేకత.

ఆపరేషన్ రోజున తెర అవతల పట్టకారు, ఇవతల బొమ్మలు చూపిస్తూ మాటల డాక్టరు. పట్టకారు నా మెదడు మీద ఒక్కోచోట సన్నగా కరెంటు తాకిస్తుంది, నేను బొమ్మ పేరు చెప్పాలి. తప్పు చెబితే అక్కడ కణితి ఉన్నా వదిలేయాల్సిందే.

"గొడుగు... తాళంచెవి... నిచ్చెన..."

తర్వాత గోడగడియారం బొమ్మ.

"పేషెంటు," అన్నాను.

"తప్పు! ఆపండి మేడమ్," అన్నాడు మాటల డాక్టరు.

జోకు కాదు, దానంతటదే వచ్చేసింది.

తెర వెనక నుంచి గొంతు: "అన్నయ్యా, ఏ పేషెంటు?"

"మీ కొట్లో లోలకం ఊడిందే, అది. మీ నాన్న మూడో మేకుకి తగిలించి, 'పేషెంటు పడుకుంది, అరవకండర్రా' అనేవారు. చివరికి నువ్వే బాగుచేశావు. నీ మొదటి ఆపరేషను!"



"మళ్ళీ అదే చోట తాకిస్తున్నాను. అందరికీ తెలిసిన పేరు చెప్పు."

"గడియారం."

"ఇంకోసారి."

"గోడగడియారం. కావాలంటే టైము కూడా చెబుతాను!"

అప్పుడు నవ్వింది పట్టకారు.

"తప్పేం కాదండీ," అంది గదిలో అందరికీ వినబడేలా. "మా నాన్న కొట్లో బాగుకొచ్చిన ప్రతి గడియారమూ పేషెంటే. వేరే పేరు మాకు తెలీదు. ఇక్కడి కణితి కూడా తీసేస్తున్నాను."